516 వచ్చినా సీటు లేదు. కాలిఫోర్నియాలో కాపురం పెట్టడమే మా తప్పా?

ఫ్రీమాంట్ అమ్మ
నిద్ర పట్టక రాస్తున్నాను. మా అమ్మాయికి అమెరికా మెడికల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో 516, డిగ్రీ మార్కుల సగటు (జీపీఏ) 3.86. రెండేళ్లు ప్రయోగశాలలో పని చేసింది, మూడేళ్లుగా శనివారాలు వృద్ధాశ్రమంలో సేవ. నిరుడు జూన్‌లో 24 మెడికల్ కాలేజీలకు దరఖాస్తు పెట్టింది. ఇప్పుడు ఫిబ్రవరి. వచ్చిన ఇంటర్వ్యూలు రెండంటే రెండు. ఒకటి ఈ రాష్ట్రంలోనే, ఒకటి తూర్పు తీరంలోని ప్రైవేటు కాలేజీ. రెండు చోట్లా వెయిటింగ్ లిస్టు. మిగతా 22లో కొన్ని ‘క్షమించండి’ అన్నాయి, కొన్ని ఆ మాట కూడా అనలేదు.

డల్లాస్‌లో మా ఆడపడుచు కొడుకున్నాడు. వాడికి 511. అక్టోబరులోనే ఒక సీటు, సంక్రాంతి లోపు ఇంకో రెండు. పిల్లవాడు మంచివాడే. నాకు అసూయ లేదు. కొంచెం ఉంది.

నా ప్రశ్న ఒకటే. బయటి రాష్ట్రాల పిల్లలకు ఈ కాలేజీలు నిజంగా సీట్లు ఇస్తాయా, లేక దరఖాస్తు రుసుము కోసం తలుపు ఓరగా తెరిచి పెడతాయా?

బిర్యానీ బృహస్పతి
511కి అక్టోబరులో సీటా! మా డల్లాస్ నీళ్ల మహిమ అండీ. ఒక ట్యాంకరు పంపమంటారా?

లెక్కల మనిషి
నీళ్లు కాదు, చట్టం. టెక్సాస్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలలో బయటి రాష్ట్రాల విద్యార్థులు పది శాతం మించకూడదు. తొంభై శాతం సీట్లు వాళ్ల పిల్లలకే. పైగా అక్కడ ప్రభుత్వ కాలేజీలే పదికి పైగా ఉన్నాయి: డల్లాస్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియో, గాల్వెస్టన్, లబ్బక్, ఎల్ పాసో, ఆస్టిన్... రియో గ్రాండ్ లోయలోనూ ఒకటి పెట్టారు. దేశమంతటికీ ఒక దరఖాస్తు వ్యవస్థ ఉంటే టెక్సాస్ ప్రభుత్వ కాలేజీలకు విడిగా సొంత వ్యవస్థ. మీ ఆడపడుచు గారి అబ్బాయికి అక్టోబరు 15 తర్వాత వచ్చినవి ముందస్తు సీట్లు. అవి టెక్సాస్ వారి కోసం పెట్టుకున్న ఏర్పాటు.

ఇక మీ రాష్ట్రం. కాలిఫోర్నియా నుంచి ఏటా ఆరు వేల మందికి పైగా దరఖాస్తు చేస్తారు. ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఆరు: శాన్ ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో, డేవిస్, అర్వైన్, రివర్‌సైడ్. వీటిలో డేవిస్, రివర్‌సైడ్ సొంత రాష్ట్రం వైపు గట్టిగా మొగ్గుతాయి. రివర్‌సైడ్ అయితే తన చుట్టుపక్కల ఇన్‌లాండ్ ప్రాంతం పిల్లల కోసం వెదుకుతుంది. శాన్ ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్ దేశం నలుమూలల నుంచీ తీసుకుంటాయి. అందుకే డాక్టర్లయ్యే కాలిఫోర్నియా పిల్లల్లో సగానికి మించి వేరే రాష్ట్రాలలో చదువుతారు. మీ అమ్మాయి తప్పేమీ లేదు. ఆ లైను అంత పొడుగు.

ఫ్రీమాంట్ అమ్మ
అంటే అందరి ఇంట్లోనూ వాళ్ల పిల్లలకు ముందు వడ్డిస్తారు, మా ఇంట్లో మాత్రం అతిథులతో కలిపి కూర్చోబెడతారు. అంతేనా?

లెక్కల మనిషి
పోలిక బాగుంది. అంతే.

మూడో ఏడాది
నేనూ కాలిఫోర్నియా పిల్లనే అండీ, మిల్పీటస్‌లో పెరిగాను. ఇప్పుడు మిడ్‌వెస్ట్‌లో ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీలో మూడో ఏడాది. నాకు 513. కాబట్టి నాన్‌లోకల్ అంటే సీటు రాదన్న మాట పూర్తిగా నిజం కాదు. మా బ్యాచ్‌లో నాలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. మొదటి వారంలోనే ఒకరినొకరు గుర్తుపట్టాం, అక్టోబరులోనే దుప్పటిలాంటి కోటు వేసుకున్నవాళ్లం మేమే.

రాష్ట్రం ఏదైనా ‘బయటివాళ్లు’ అని ఒకే గాటన కట్టకూడదు. మిషిగన్ విశ్వవిద్యాలయం దాదాపు సగం మందిని బయటి నుంచే తీసుకుంటుంది. వెర్మాంట్‌లో ఉన్నది ప్రభుత్వ కాలేజీ, అయినా ఎక్కువమంది బయటివాళ్లే. ఆ చిన్న రాష్ట్రంలో తరగతి నిండేంత మంది దరఖాస్తుదారులే లేరు. అటువైపు మిసిసిపీ విశ్వవిద్యాలయం వాళ్ల మెడికల్ కాలేజీ సొంత రాష్ట్రం వారిని తప్ప చూడనే చూడదు. నార్త్ కరోలినాలో ఈస్ట్ కరోలినా విశ్వవిద్యాలయం వారి బ్రోడీ కాలేజీ కూడా అంతే.

గోదావరి గట్టు
అందుకే మా అబ్బాయికి చెప్పాను, ప్రభుత్వ కాలేజీల జోలికి పోవద్దు, ప్రైవేటుకే పెట్టమని. వాళ్లకు రాష్ట్రంతో పనేముంది?

లెక్కల మనిషి
గట్టు గారూ, అలాగని జార్జియాలో మెర్సర్‌కు పెట్టేరు. ప్రైవేటు కాలేజీయే, కానీ జార్జియా వారికి మాత్రమే. ఆ రాష్ట్రంలోని పల్లెలకు డాక్టర్లను తయారు చేయడం కోసం పుట్టింది అది. హ్యూస్టన్‌లో బేలర్ కూడా ప్రైవేటే, టెక్సాస్ ప్రభుత్వం డబ్బు ఇస్తుంది కాబట్టి టెక్సాస్ పిల్లలకు ఫీజు తక్కువ, సీట్లు ఎక్కువ. బోర్డు మీద పేరు చూస్తే ఏమీ తెలియదు. డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి.

సియాటిల్ చినుకు
మా వైపు సంగతి ఇంకా విచిత్రం. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం అయిదు రాష్ట్రాలకు కలిపి ఒకే కాలేజీ. వాషింగ్టన్, వయోమింగ్, అలాస్కా, మోంటానా, ఐడహో. 1971లో మొదలుపెట్టారు, వయోమింగ్ తర్వాత చేరింది. వాషింగ్టన్ తప్ప మిగతా నాలుగు రాష్ట్రాలలో సొంత ఎండీ (ఇక్కడ మొదటి డాక్టరు డిగ్రీ పేరే అది) కాలేజీ లేదు. అలాస్కా పిల్లవాడు లోకల్, పక్కనే ఉన్న ఓరెగన్ పిల్లవాడు నాన్‌లోకల్. పోర్ట్‌లాండ్ నుంచి సియాటిల్‌కు కారులో మూడు గంటలు.

బిర్యానీ బృహస్పతి
మరి సొంత కాలేజీ లేని డెలావేర్ వాళ్లు ఏం చేస్తారు పాపం?

సియాటిల్ చినుకు
వాళ్లే తెలివైనవాళ్లు. ఫిలడెల్ఫియాలో జెఫర్సన్ వారి మెడికల్ కాలేజీలో డెలావేర్ పిల్లలకని ఏటా 20 సీట్లు పెట్టించుకున్నారు. 1969 నుంచీ నడుస్తోంది. కాలేజీ కట్టే ఖర్చు తప్పింది.

గుంటూరు మిరప
దూరం నుంచి చూస్తున్నాను, నవ్వొస్తోంది. లోకల్, నాన్‌లోకల్ అని మీరంతా కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుతున్నారు. మనం పుట్టిందే 85 శాతం లోకల్, 15 శాతం అందరికీ అనే లెక్కలో. రాజ్యాంగంలో 371డి అధికరణం పెట్టించుకున్న జాతి మనది.

మా అన్నయ్య వాళ్లది హైదరాబాద్. కూతుర్ని ఇంటర్‌కు విజయవాడలో హాస్టలు ఉన్న కాలేజీలో వేశారు. తెలంగాణ 2024లో నిబంధన మార్చింది, ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లూ ఆ రాష్ట్రంలోనే చదివి ఉండాలంది. పుట్టింది, పెరిగింది, పదో తరగతి దాకా చదివింది హైదరాబాద్‌లోనే అయినా ఆ రెండేళ్ల వల్ల పిల్ల నాన్‌లోకల్. కోర్టుల్లో నలిగి నలిగి చివరికి 2025లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. మీకు కనీసం చదువు ఎక్కడన్నది అడ్డం కాదు కదా?

లెక్కల మనిషి
ఇక్కడ అందుకు పూర్తిగా తలకిందులు, అదే మన తల్లిదండ్రులకు ఎక్కదు. అమ్మాయి నాలుగేళ్లు వేరే రాష్ట్రంలో డిగ్రీ చదివినా ఆ రాష్ట్రం మనిషి కాదు. తల్లిదండ్రుల మీద ఆధారపడ్డంత కాలం, వాళ్లు పన్ను కట్టే రాష్ట్రమే పిల్లలది. బోస్టన్‌లో చదివినంత మాత్రాన మసాచుసెట్స్ లోకల్ అయిపోరు.

మూడో ఏడాది
చిన్న సవరణ. ఫీజు లెక్కకు లోకల్ కాకపోవచ్చు కానీ అక్కడ చదివిన నాలుగేళ్లు దరఖాస్తులో ‘ఈ రాష్ట్రంతో అనుబంధం’ కింద పనికొస్తాయి. కొన్ని కాలేజీలు ఆ ప్రశ్న విడిగా అడుగుతాయి. అమ్మమ్మ ఊరు అక్కడా? డిగ్రీ అక్కడ చేశారా? ఖాళీగా వదిలేస్తే మీ ఫైలు కిందికి వెళ్లిపోతుంది.

న్యూజెర్సీ నాన్న
ఇదంతా చదివాక ఒక నిర్ణయానికి వచ్చాను. మావాడు డిగ్రీ రెండో ఏడాది. నా ఉద్యోగం ఇంటి నుంచే. ఎడిసన్‌లో ఇల్లు అమ్మేసి టెక్సాస్ వెళ్లిపోతే? ఏడాది ఉంటే చాలట కదా. పనిలో పని, మంచు తోయడం తప్పుతుంది.

బిర్యానీ బృహస్పతి
రండి రండి. ఆస్తి పన్ను నోటీసు వచ్చిన రోజు మంచే నయం అనిపిస్తుంది. ఆగస్టులో అయితే రోజూ అనిపిస్తుంది.

ప్లేనో తండ్రి
నాన్న గారూ, ఒక్క నిమిషం ఆగండి. నేను టెక్సాస్‌లో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. మావాడికి 509, జీపీఏ 3.7. రెండు సార్లు దరఖాస్తు పెట్టాడు, రెండు సార్లూ రాలేదు. మూడోసారికి నాన్‌లోకల్‌గా, ఒక్లహోమాలో డీఓ (ఎండీ లాంటిదే, ఇంకో డాక్టరు డిగ్రీ) కాలేజీలో చేరాడు. తొంభై శాతం సీట్లు మావే అన్నది నిజమే, ఆ తొంభై కోసం పోటీపడేవాళ్లూ మేమే. ప్లేనోలో ఏ వీధిలో రాయి విసిరినా డాక్టరు కాబోయే తెలుగు పిల్లవాడి ఇంటి కప్పు మీద పడుతుంది. ఇక్కడ అందరూ టెక్సాస్‌ను కల్పవృక్షంలా చెబుతుంటే రాయకుండా ఉండలేకపోయాను.

న్యూజెర్సీ నాన్న
అయ్యో, మీ బాధ తెలియక తేలిగ్గా మాట్లాడాను. కానీ మా దగ్గర ఉన్నవెన్ని, నెవార్క్, న్యూ బ్రన్స్‌విక్, క్యామ్డెన్...

లెక్కల మనిషి
వాటిని చిన్నచూపు చూడకండి. నెవార్క్, న్యూ బ్రన్స్‌విక్‌లలో రట్గర్స్ వారివి, క్యామ్డెన్‌లో కూపర్. అన్నీ న్యూజెర్సీ పిల్లల వైపు మొగ్గేవే. ఉన్న ఊరు వదిలి, పరాయి ఊళ్లో పన్నెండు నెలలు పూర్తయ్యాయో లేదో అని గడియారం చూసుకుంటూ కూర్చోవడం ఎందుకు? అబ్బాయి అక్కడే స్వచ్ఛంద సేవ మొదలుపెడితే అది నిజమైన అనుబంధం.

ఫ్రీమాంట్ అమ్మ
మళ్లీ నా సంగతికి రండి. మరి ఏ కాలేజీ తలుపు నిజంగా తెరిచి ఉందో బయట నుంచి ఎలా తెలుస్తుంది? అన్నింటి వెబ్‌సైట్లలోనూ ‘దేశవ్యాప్తంగా ప్రతిభావంతులను ఆహ్వానిస్తున్నాం’ అనే ఉంటుంది.

లెక్కల మనిషి
ఇదే అసలు ప్రశ్న. కొంచెం ఓపికగా చదవండి.

మెడికల్ కాలేజీల సంఘం ఒక వివరాల గ్రంథాన్ని నెట్‌లో పెడుతుంది, ఎంసార్ అంటారు. కొద్దిపాటి చందా. ప్రతి కాలేజీకీ లోకల్ ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమందిని ఇంటర్వ్యూకు పిలిచారు, ఎంతమంది చేరారు, నాన్‌లోకల్ ఎంతమంది, అన్నీ ఉంటాయి. మనవాళ్లు అందులో ఎంక్యాట్ సగటు చూసి మూసేస్తారు.

చూడాల్సింది దరఖాస్తుకూ ఇంటర్వ్యూకూ మధ్య నిష్పత్తి. ఊహకు ఒక కాలేజీ అనుకోండి. లోకల్ 1,000 మంది పెడితే 200 మందిని పిలిచారు, అయిదుగురిలో ఒకరు. నాన్‌లోకల్ 4,000 మంది పెడితే 120 మందిని పిలిచారు, వందకు ముగ్గురు. ఇది పైకి తెరిచినట్టు కనిపించే మూసిన తలుపు. ఇంకో ఊహా కాలేజీలో అదే 4,000కు 400 మందిని పిలిచారు. ఇక్కడ వందకు పదిమంది. సగటు ఎంక్యాట్ రెండు చోట్లా ఒకటే కావచ్చు, మీ అమ్మాయికి మాత్రం రెండోది మూడు రెట్ల కంటే మెరుగు.

చేరినవారి సంఖ్య ఒక్కటే చూసి భయపడకూడదు కూడా. నాన్‌లోకల్ పిల్లలకు సీటు ఇస్తారు, వాళ్లు సొంత రాష్ట్రంలో తక్కువ ఫీజుకు సీటు రాగానే వెళ్లిపోతారు. అందువల్ల చేరినవాళ్లు పదిమందే అయినా సీటు ఇచ్చింది ముప్ఫై మందికి అయి ఉండవచ్చు. నాన్‌లోకల్‌కు అడ్డం ఎక్కువగా ఇంటర్వ్యూకు ముందే ఉంటుంది. ఆ గడప దాటితే చాలా చోట్ల తేడా బాగా తగ్గిపోతుంది.

మీ జాబితా పేర్లు ఇక్కడ పెట్టకండి, నాకు విడిగా పంపండి. చూసి చెబుతాను.

గోదావరి గట్టు
పన్ను కట్టేవాడికి ఒక న్యాయం, పొరుగు రాష్ట్రం వాడికి ఒక న్యాయం. ఫెడరల్ పన్ను మనమూ కడుతున్నాం కదా! ఆ కాలేజీలకు ఫెడరల్ పరిశోధన నిధులు వెళ్లడం లేదా? ఇది వివక్ష కాక మరేమిటి?

ఒహాయో బాబాయి
గట్టు గారి ప్రశ్నకు నా అనుభవం చెబుతాను. నేను ఇక్కడ డాక్టర్ని. పదేళ్లకు పైగా ఒక మెడికల్ కాలేజీకి ఇంటర్వ్యూలు చేస్తున్నాను. ఏ కాలేజీ అని అడగకండి.

రాష్ట్ర శాసనసభలు మెడికల్ కాలేజీకి డబ్బు ఇచ్చేది ప్రతిభకు పట్టం కట్టడానికి కాదు. వాళ్లకు కావలసింది ఆసుపత్రి మూతపడబోతున్న ఊళ్లో ఒక డాక్టరు. పీజీ శిక్షణ ఏ రాష్ట్రంలో చేస్తే సగానికి మించి ఆ రాష్ట్రంలోనే స్థిరపడతారు. ఆ ఊరి మనిషే అయితే నిలిచే అవకాశం ఇంకా ఎక్కువ. ఇది వాళ్ల పెట్టుబడి లెక్క. మన పిల్లవాడు ఇక్కడ చదివి, మర్నాడే శాన్ హోసే విమానం ఎక్కితే, ఆ ఊరి రైతు కట్టిన పన్ను ఎవరికి పనికొచ్చినట్టు?

నా ఎదురుగా కూర్చున్న బయటి రాష్ట్రం పిల్లల్ని ఒకటే అడుగుతాను: ఇక్కడికే ఎందుకు రావాలనుకున్నావు? పదిమందిలో ఎనిమిది మంది ‘మీ పరిశోధన బాగుంటుంది’ అంటారు. ఏ పరిశోధన అంటే నీళ్లు నములుతారు. మన తెలుగు పిల్లలు మరీనూ, ఇంట్లో అమ్మానాన్నలు బట్టీ పట్టించిన జవాబు అప్పగిస్తారు. నాకు పాపం అనిపిస్తుంది, మార్కులు మాత్రం వేయలేను.

ఒక అమ్మాయి గుర్తుంది. దూరపు రాష్ట్రం, మార్కులు మామూలు. వాళ్ల నాన్న ట్రక్కు నడుపుతాడు. సెలవుల్లో ఆయనతో పాటు మా రాష్ట్రం మీదుగా తిరిగిందట. ఒకసారి మా దక్షిణ జిల్లాల్లో ఆయనకు గుండె నొప్పి వస్తే డాక్టరు ఉన్న ఆసుపత్రి చేరడానికి గంటన్నర పట్టిందని చెప్పింది. ఆ హైవే నంబరు, దారిలో మూతపడి ఉన్న ఆసుపత్రి బోర్డు, అన్నీ చెప్పింది. నేను ఇంకేమీ అడగలేదు.

గోదావరి గట్టు
బాగానే ఉంది బాబాయ్ గారూ. కానీ అందరి నాన్నలకూ మీ రాష్ట్రంలో గుండె నొప్పి రావాలంటే కష్టం కదా.

ఒహాయో బాబాయి
హహ. అది ఒప్పుకోవాల్సిందే.

ఇంకో సంగతి, మా రాష్ట్రంలో కొన్ని ప్రభుత్వ కాలేజీలలో నాన్‌లోకల్‌గా చేరినా మొదటి ఏడాది తర్వాత రెసిడెన్సీ తెచ్చుకోవచ్చు. అప్పటి నుంచి ఫీజు తగ్గుతుంది.

న్యూజెర్సీ నాన్న
మొదటి ఏడాదికే రెసిడెన్సీయా?! ఎండీ పూర్తి కాకుండానే పీజీ ఎలా ఇస్తారు?

మూడో ఏడాది
బాబాయ్ గారు చెప్పింది ఆ రాష్ట్రవాసిగా గుర్తింపు గురించి అండీ. పీజీ శిక్షణకూ అదే పేరు పెట్టి ఈ దేశం అందర్నీ తికమక పెడుతోంది. మా నాన్న కూడా నేను మొదటి ఏడాదిలో ‘రెసిడెన్సీ వచ్చింది’ అని ఫోన్ చేస్తే ఇండియాలో చుట్టాలందరికీ మిఠాయి పంచారు.

బిర్యానీ బృహస్పతి
ఈ చర్చ మొత్తంలో ఉత్తమ పోస్టు ఇదే.

గుంటూరు మిరప
మాటల్లో మాట, ఇక్కడ ఇండియాలో పీజీ సీట్లకు స్థానికత రిజర్వేషను చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కొట్టేసింది. ఎంబీబీఎస్‌కు ఉంటుంది, పీజీకి ఉండదు. మీ దగ్గరా పీజీకి లోకల్ గోల లేదనుకుంటాను?

ఒహాయో బాబాయి
చట్టపరంగా లేదు. పీజీ సీట్లు దేశమంతటికీ ఒకే పద్ధతిలో పంచుతారు, దాన్ని మ్యాచ్ అంటారు. లోలోపల ‘ఈ పిల్ల ఇక్కడ ఉంటుందా’ అని ఆలోచించడం మాత్రం అక్కడా ఉంటుంది.

అప్పుల పద్దు
ఎవరూ ఫీజు ఊసు ఎత్తడం లేదేమిటి? సీటు వచ్చాక ఏడుపు మొదలయ్యేది అక్కడే. టెక్సాస్ ప్రభుత్వ కాలేజీలో లోకల్ పిల్లవాడికి ఏడాది ఫీజు ఇరవై వేల డాలర్ల చుట్టూ ఉంటుంది. కొన్ని రాష్ట్రాలలో నాన్‌లోకల్ ఫీజు అందుకు మూడు, నాలుగు రెట్లు. కాలిఫోర్నియాలో ఆ తేడా తక్కువ, బయటివాళ్లకు ఏటా 12,245 డాలర్లు అదనం, అంతే. అందుకే బయటివాళ్లూ అక్కడికి ఎగబడతారు.

ఇంతకుముందు ఎంత ఫీజైనా ఫెడరల్ అప్పు దొరికేది. 2025లో చట్టం మారింది. 2026 జులై 1 నుంచి కొత్తగా చేరేవారికి గ్రాడ్ ప్లస్ అనే ఆ అప్పు లేదు. ఏడాదికి 50 వేలు, మొత్తం మీద రెండు లక్షల డాలర్లు, అంతకు మించి ఫెడరల్ ప్రభుత్వం ఇవ్వదు. నాన్‌లోకల్ ఫీజు, ఇంటి అద్దె కలిపితే కొన్ని చోట్ల ఏడాదికి లక్ష దాటుతుంది. మిగతా సగం ప్రైవేటు బ్యాంకు దగ్గర, తల్లిదండ్రుల సంతకంతో. అమ్మ గారూ, మీ అమ్మాయి చేరేది ఈ ఏడాది ఆగస్టులో అయితే ఈ నియమమే వర్తిస్తుంది. జాబితాలో ప్రతి కాలేజీ పక్కన నాన్‌లోకల్ ఫీజు రాసుకోండి.

ఫ్రీమాంట్ అమ్మ
ఇది నాకు తెలియదు. మా ఆయనకు చూపించాను. లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చారు.

గోదావరి గట్టు
ఫీజు లేని కాలేజీలు ఉన్నాయిగా. న్యూయార్క్‌లో ఎన్‌వైయూ 2018లోనే ట్యూషన్ తీసేసింది, ఐన్‌స్టైన్ మెడికల్ కాలేజీ 2024లో. అవి ప్రైవేటు, లోకల్ గొడవ లేదు.

లెక్కల మనిషి
అందుకే వాటికి దేశంలో ప్రతి ఒక్కరూ పెడతారు. ఉచితంగా భోజనం పెట్టే చోట లైను ఎక్కడిదాకా ఉంటుందో అన్నవరంలో చూశారుగా.

హెచ్4 గోడు
ఇంతసేపు చదువుతున్నాను. మీ పిల్లలకు కనీసం ఏదో ఒక రాష్ట్రం ఉంది. నేను నాలుగో ఏట వచ్చాను. ఇల్లినాయిలోనే బడి, కాలేజీ. నాన్న హెచ్1 ఉద్యోగ వీసా మీదే ఉన్నారు, గ్రీన్ కార్డు లైను కదలదు. 21 నిండగానే, నాన్న మీద ఆధారపడిన హెచ్4 వీసా పోయి విద్యార్థి వీసాకు మారాను. ఇప్పుడు చాలా మెడికల్ కాలేజీల లెక్కలో నేను విదేశీయుడిని. పౌరులు లేదా గ్రీన్ కార్డు ఉన్నవారు మాత్రమే అని మొదటి పేజీలోనే రాసి ఉంటుంది. మాలాంటివాళ్లను తీసుకునే కొన్ని ప్రైవేటు కాలేజీలలో చదువు మొదలు కాకముందే ఫీజు డబ్బు బ్యాంకులో చూపించమనేవీ ఉన్నాయి. ఫెడరల్ అప్పు అసలే రాదు. 518 వచ్చింది నాకు. లోకల్ కాదు, నాన్‌లోకల్ కూడా కాదు.

మూడో ఏడాది
తమ్ముడూ, నాకు విడిగా సందేశం పెట్టు. మా తరగతిలో నీలాగే విద్యార్థి వీసా మీద చేరిన అమ్మాయి ఉంది. ఏ కాలేజీలు తీసుకుంటాయో తను స్వయంగా ఫోన్లు చేసి జాబితా తయారు చేసుకుంది. వెబ్‌సైట్లలో ఉన్నదానికీ ఫోన్‌లో చెప్పినదానికీ తేడా ఉందట.

ప్లేనో తండ్రి
బాబూ, టెక్సాస్‌లో హెచ్4 పిల్లలను నివాసం లెక్కకు రాష్ట్రవాసులుగా పరిగణించే వీలుంది. నీకు ఆ దశ దాటిపోయింది, తెలుసు. కానీ ఇది చదివే ఇతర తల్లిదండ్రులు 21 నిండక ముందే కనుక్కోవాలని రాస్తున్నాను.

హెచ్4 గోడు
సందేశం పెట్టాను అక్కా.

లెక్కల మనిషి
ఫ్రీమాంట్ అమ్మ గారు జాబితా పంపారు. ఆవిడ అనుమతితో, పేర్లు లేకుండా చెబుతున్నాను.

24లో అయిదు సొంత రాష్ట్రంలోవి, సరే. ఏడు బయటి రాష్ట్రాల ప్రభుత్వ కాలేజీలు. వాటిలో ఆరింటిలో నాన్‌లోకల్ ఇంటర్వ్యూ పిలుపులు వందకు మూడు కూడా లేవు. అవి కాగితం మీద పెట్టిన ఖర్చు. తొమ్మిది మాత్రం దేశంలో అందరూ కలలు కనే ప్రైవేటు కాలేజీలు. అక్కడ రాష్ట్రం అడ్డు కాదు, కానీ 516 మామూలు అంకె. మిగిలిన మూడే నిజంగా ఆమెకు తగినవి. ఆ మూడింటిలో ఒక చోట ఇంటర్వ్యూ వచ్చింది. ముగ్గురిలో ఒకరు పిలిచారంటే పిల్లలో లోపం లేదు.

ఫ్రీమాంట్ అమ్మ
ఇది అమ్మాయికి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘అమ్మా, ఈ 24లో నేను రాసుకున్నవి పదిహేనే, మిగతా తొమ్మిదీ ఎవరు చేర్చారో గుర్తుందా’ అంది.

నేనే చేర్చాను. ర్యాంకులు చూసి చేర్చాను. ఆ తొమ్మిది కోసం తను పెట్టాలనుకున్న మిడ్‌వెస్ట్ కాలేజీలు నాలుగు తీసేయించాను కూడా, ‘అంత చలిలో ఎవరుంటారు’ అని. మొదటి దరఖాస్తు ఖర్చు, తర్వాత ఒక్కో కాలేజీ విడిగా అడిగే వ్యాసాల రుసుము, అన్నీ కలిపి మూడున్నర వేల డాలర్లు దాటింది. వేసవంతా ఆ వ్యాసాలు రాస్తూనే ఉంది పిల్ల.

మూడో ఏడాది
చలి అలవాటవుతుంది ఆంటీ. మా అమ్మ కూడా అదే అంది. ఇప్పుడు ఇక్కడికి వచ్చినప్పుడల్లా మంచులో ఫొటోలు దిగుతుంది.

ఒహాయో బాబాయి
అమ్మా, ఇంకా దారి మూసుకుపోలేదు. ఏప్రిల్ 30 నాటికి చేతిలో ఎక్కువ సీట్లున్న పిల్లలు ఒక్కటి ఉంచుకుని మిగతావి వదులుతారు. మే నెలలో వెయిటింగ్ లిస్టులు కదులుతాయి. అమ్మాయి తనకు అన్నింటికన్నా కావలసిన చోటుకు ఒకే ఒక్క ఉత్తరం రాయాలి, ‘సీటు ఇస్తే తప్పకుండా చేరతాను’ అని. రెండు చోట్లకూ అదే మాట రాయకూడదు. ఉత్తరం తనే రాయాలి, మీరు కాదు.

రాకపోతే మళ్లీ పెట్టుకోవచ్చు. కానీ జూన్‌లోనే, అవే వ్యాసాలతో పెడితే లాభం లేదు. ఏదో ఒకటి మారి ఉండాలి.

అప్పుల పద్దు
డీఓ కాలేజీలు కూడా చేర్చండి. ప్లేనో గారి అబ్బాయి చేరలేదా? అదీ డాక్టరే.

ప్లేనో తండ్రి
డాక్టరే. మా బంధువులకు చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

ఫ్రీమాంట్ అమ్మ
ఉత్తరం తనే రాస్తోంది. గది తలుపు వేసుకుంది. నేను వంటింట్లో ఉన్నాను.

బిర్యానీ బృహస్పతి
అన్నీ తేలాయి కానీ, మీ ఆడపడుచు గారి అబ్బాయి మూడు సీట్లూ ఏం చేస్తున్నాడు?

ఫ్రీమాంట్ అమ్మ
ఒకటి ఉంచుకుని రెండు వదిలేస్తున్నాడట. ‘ఆ రెండింట్లో ఒకటి మీ అమ్మాయికి ఇవ్వమని అడగనా వదినా’ అని మా ఆడపడుచు నిన్న ఫోన్ చేసింది. నిజంగానే అడిగింది. మిగిలిన కూర డబ్బాలో పెట్టి పంపినట్టు అనుకుంది కాబోలు. అది ఇంకో టెక్సాస్ పిల్లవాడికే వెళుతుందని ఈ చర్చ లంకె పంపించాను.

న్యూజెర్సీ నాన్న
లెక్కల మనిషి గారూ, మావాడి జాబితా కూడా పంపవచ్చా? ఇంకా ఏడాదిన్నర ఉంది కానీ.

లెక్కల మనిషి
పంపండి. వాడు రాసుకున్నది, మీరు చేర్చినది వేరే రంగుల్లో పెట్టి పంపండి.